నలభై డిగ్రీల నీళ్ళలో

సుదురేరిలో ఏ వార్తైనా ముందు నీళ్ళలోకి దిగుతుంది.
ఆ సాయంత్రం వేడినీళ్ళ తొట్టిలో ఎనిమిది తలలున్నాయి,
జుట్టు మీద మంచు, మెడ దాకా ఆవిరి.
ఫోన్లన్నీ లాకర్లలో.
క్లోరిన్ కొలిచే గాజు గొట్టంతో నేను గట్టు మీద వంగి ఉన్నాను.
టికెట్ల కిటికీలోంచి స్టెయిన్‌వోర్ అరిచింది:
"ఎయ్‌దిస్ రాజీనామా చేసిందట!"

ఇక్కడ ప్రధానమంత్రినైనా పేరు పెట్టే పిలుస్తాం.
"ఎవరూ, చేపల ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఎయ్‌దిసా?"
"కాదయ్యా,
దేశానిది."

గొట్టంలో నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి.
చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"పీడ వదిలింది" అన్నాడు హాల్‌బ్యోర్న్.
ఆమె తెచ్చిన కోటా చట్టానికి పడవ అమ్ముకున్నవాడు,
మూడేళ్ళుగా ఈ తొట్టిలో కూర్చునే
ఆమెను దిగిపొమ్మంటున్నవాడు.
ఆ మాట అన్నాక ఇంకేం తోచలేదు.
చేతులు పైకి తీసి అరచేతులు చూసుకున్నాడు,
లాగుతున్న తాడు అవతల ఎవరో
ఉన్నట్టుండి వదిలేసినట్టు.

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్నాడు పోస్టాఫీసు బెర్గ్‌స్వెయిన్.
బ్యాంకు అప్పు, దాచిన జబ్బు, ఎవరో మగవాడు, మంత్రుల కుట్ర,
ఒక్కో కారణానికి ఒక్కో వేలు మడిచాడు.
రెండో చెయ్యి కూడా పైకి తీశాడు.
మా ఊళ్ళో పొగంతా నీళ్ళదే, బెర్గ్‌స్వెయిన్.
నిప్పు ఎక్కడో మన కాళ్ళ కింద ఉంది,
నీ వేళ్ళకి అందనంత లోతున.

రిటైరైన నర్సు గుద్‌వేయ్ ఏడ్చిందో లేదో తెలీదు.
తొట్టిలో అందరి ముఖాలూ తడివే.
"నేనామెకి ఓటెయ్యలేదు" అంది,
"అయినా ఒక మాట చెప్పి వెళ్ళాల్సింది."

కుర్చీ పట్టుకు వేలాడేవాళ్ళని తిట్టడం
మాకు వెన్నతో పెట్టిన విద్య.
లేచి వెళ్ళిపోయినవాళ్ళని ఏమనాలో
ఎవరూ నేర్పలేదు.

చేపలు కోసే బొగుమివా అప్పటిదాకా మాట్లాడలేదు.
పోలండ్ నించి వచ్చి రెండేళ్ళు,
మా భాష ఇంకా తడుముకునే మాట్లాడుతుంది.
"ఆమె ఏం చెప్పింది?" అని స్టెయిన్‌వోర్‌ని అడిగింది.
"ఒక్కటే వాక్యం. 'నా వల్ల ఇంక కాదు' అందట."
"దాంట్లో నాకు తెలీని మాట ఒక్కటీ లేదే" అంది బొగుమివా.

కాసేపు గాలి చప్పుడే.
తర్వాత ఇద్దరు లేచి నలభై రెండు డిగ్రీల తొట్టికి మారారు.
గుద్‌వేయ్ అట్లపిండి సంగతెత్తింది.
నవంబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు
ఇంకో మూడ్రోజుల్లో వస్తాడు,
ఆ రోజు ఊరంతా అట్లు పోసుకుని కాఫీ తాగాలి.

నేను ఎవరికీ చెప్పనిది ఒకటుంది.
ఎన్నికలప్పుడు ఆమె ఇదే తొట్టిలో రెండు గంటలు కూర్చుంది,
హాల్‌బ్యోర్న్‌కి కూడా నవ్వుతూనే జవాబిచ్చింది.
అందరూ వెళ్ళాక పెద్ద కొలనులో ఒక్కతే ఈదింది,
ఇరవై సార్లు అటు, ఇరవై సార్లు ఇటు.
ఆఖర్న గట్టు పట్టుకుని, నుదురు రాతికి ఆనించి,
చాలాసేపు అలాగే ఉండిపోయింది.
"మూసే టైమైందా?"
అయింది. అరగంట దాటింది కూడా.
"ఇంకాస్సేపు ఉండొచ్చు" అన్నాను.

ఈత కళ్ళజోడు మర్చిపోయింది.
పోయిన వస్తువుల పెట్టెలో,
ఒంటి చేతి తొడుగుల కింద, ఇంకా ఉంది.
ఇవాళ తీసి చూస్తే రబ్బరు పట్టీ ఎండి పగిలింది.
మళ్ళీ అక్కడే పెట్టేశాను.

రిజిస్టర్లో రాశాను: నీళ్ళు నలభై, గాలి మైనస్ ఆరు,
వచ్చినవాళ్ళు ఎనిమిది మంది.
'విశేషాలు' అన్న గడి దగ్గర కలం కాసేపు ఆగింది.

దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుతూ వచ్చాను.
హాల్‌బ్యోర్న్ ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు.
"తర్వాత ఎవరొస్తారో" అన్నాడు, నాతోనో ఆవిరితోనో.
"పేరైనా తెలిసేదాకా
తిట్టడానిక్కూడా కుదరదు."